ముఖం చూసి అడిగినవాడు

లేఖన పఠనం: ఆదికాండము 40వ అధ్యాయం, 2 రాజులు 4:18–28

యోసేపు జీవితం అనగానే మనకు పెద్ద పెద్ద ఘట్టాలే గుర్తొస్తాయి. తండ్రి కుట్టించిన అంగీ, అన్నలు పడదోసిన గుంట, ఇష్మాయేలీయుల ఒంటెలు, పోతీఫరు ఇల్లు, చివరికి ఫరో తన చేతినుంచి తీసి తొడిగిన ఉంగరం. ఆదివారం బడిలో పిల్లలకు బొమ్మలు వేసి చూపించేవీ అవే. 40వ అధ్యాయం ఆరు, ఏడు వచనాల్లో జరిగినదానికి మాత్రం ఎవరూ బొమ్మ వేయరు. చెరసాలలో తెల్లవారింది. ఫరో కోపానికి గురై అక్కడ పడ్డ ఇద్దరు కొలువు మనుషులు, పానదాయకుల అధిపతీ భక్ష్యకారుల అధిపతీ, రాత్రి వచ్చిన కలలతో కలవరపడి ఉన్నారు. యోసేపు లోపలికి వచ్చి వాళ్లను చూశాడు. ముఖాలు వాడిపోయి ఉండడం గమనించాడు. ఇవాళ ఇలా ఉన్నారేమని అడిగాడు.

ఆ మాట అడిగినవాడి పరిస్థితి చూడండి. 17 ఏళ్ల వయసులో అతన్ని సొంత అన్నలే అమ్మేశారు. చేయని తప్పుకు నింద మోసి ఖైదులో పడ్డాడు. ఫరో ఎదుట నిలబడేనాటికి అతనికి 30 ఏళ్లు అని తర్వాతి అధ్యాయం చెబుతోంది. పానదాయకుడు విడుదలై రెండేళ్లు నిండాక ఫరోకు కల వచ్చిందనీ అక్కడే ఉంది. ఆ లెక్కన ఈ ఉదయానికి యోసేపుకు దాదాపు 28. అంటే ఇల్లు విడిచి 11 ఏళ్లు. ఆ పూట ఆ చెరసాలలో ఎవరైనా ఎవరినైనా ఓదార్చాల్సి ఉంటే, ముందు యోసేపునే ఓదార్చాలి. అడిగింది మాత్రం అతనే.

ఆ ఇద్దరికీ ఉపచారం చేయమని సేనాధిపతి యోసేపుకు అప్పగించాడు. నీళ్లిచ్చి, తిండి పెట్టి తన దారిన తాను వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టరు. చెప్పిన పని చేసినట్టే లెక్క. వాళ్ల ముఖం ఎలా ఉందో చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ భాగం మీద ప్రసంగించేటప్పుడు మనం పానదాయకుడి వెంటే వెళతాం. అతను బయటపడ్డాడు, రెండేళ్లు మరిచిపోయాడు, సమయం వచ్చినప్పుడు యోసేపును గుర్తుచేసుకున్నాడు, ఐగుప్తూ యాకోబు ఇంటివారూ ఏడేళ్ల కరువును దాటారు. చెరసాలలో ఒక పలకరింపు ఒక దేశం ఆకలి తీర్చిందని చెబుతాం. అది నిజమే, చెప్పాల్సిందే. అయితే ఈ ఉదయం మీతో కలిసి రెండో మనిషి దగ్గర ఆగాలని ఉంది.

ఆ పలకరింపు తర్వాత భక్ష్యకారుడికి మిగిలింది మూడు రోజులే. మూడో రోజు ఫరో పుట్టినరోజు. కొలువు మొత్తానికీ విందు జరిగింది, అదే రోజు ఇతన్ని వేలాడదీశారు. ఇతనివల్ల యోసేపుకు ఏ మేలూ జరగలేదు, జరిగే వీలూ లేదు. ఇతని కల అర్థం కూడా చేదే. యోసేపు దాన్ని తియ్యగా మార్చి చెప్పలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. కానీ ఆ ఉదయం అడిగిన మాట ఇద్దరికీ కలిపి ఒక్కటే. రేపు రాజుగారి చెవిలో మాట వేయగలవాడికి ఒక పలకరింపు, రేపు లేనివాడికి మరొకటి అని యోసేపు విడదీయలేదు. చావు గుమ్మంలో ఉన్న ఒక మనిషి ముఖాన్ని ఒకరు నిదానంగా చూశారు, ఏమైందని అడిగారు, కూర్చొని అతని కల మొత్తం విన్నారు. మూడు బుట్టలు, పై బుట్టలో ఫరో కోసం చేసిన పిండివంటలు, వాటిని తినేస్తున్న పక్షులు, ఇంత వివరంగా చెప్పాడంటే వినేవాడి మీద ఎంత నమ్మకం కుదిరి ఉండాలి! దేవుడు ఈ సంగతిని తన గ్రంథంలో పెట్టాడు. పలకరింపు విలువను దానివల్ల ఒరిగే లాభంతో కొలిచేటట్టయితే ఆ మనిషి కల మనదాకా వచ్చేది కాదు.

మనం రోజంతా మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న మాటలే. "తిన్నారా?" "ఈసారి ఎండలు ముందే మొదలయ్యాయండీ." "పాపకు పరీక్షలు అయిపోయాయా?" "మోకాలు ఎలా ఉంది పెద్దమ్మా?" భక్తిగలవాళ్లం కొందరం వీటిని కాలక్షేపం కింద జమకడతాం. ప్రార్థన, వాక్యం, సాక్ష్యం ఆత్మీయమైనవి, వాన గురించీ కూర గురించీ మాట్లాడుకోవడం లోకసంబంధమైనదీ అనుకుంటాం. వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క చెప్పాల్సి వస్తుందన్న ప్రభువు హెచ్చరికను (మత్తయి 12:36) దానికి ఆధారంగా చూపిస్తాం. ఆ అధ్యాయం కాస్త పైనుంచి చదివితే ఆయన ఎవరితో అంటున్నాడో తెలుస్తుంది. చూపూ మాటా లేని ఒక మనిషి బాగుపడితే సంతోషించాల్సింది పోయి, అది దయ్యాల అధిపతి పని అని నోరు పారేసుకున్న పరిసయ్యులతో అంటున్నాడు. ఆయన గద్దించింది ఆ నోటిని. పెద్దమ్మ మోకాలి నొప్పి గురించి అడిగేవాళ్లను కాదు.

ఆయన తానే అలాంటి చిన్న మాటలతో మొదలుపెట్టేవాడు. బావి దగ్గర సమరయ స్త్రీని దాహానికి నీళ్లు అడిగాడు. రాత్రంతా వల వేసి ఒక్క చేపా పట్టని శిష్యులను, తినడానికి ఏమైనా దొరికిందా అని ఒడ్డునుంచి అడిగాడు. ఎమ్మాయు దారిలో జరిగినది నాకు వీటన్నిటికంటే ఇష్టం. యెరూషలేము నుంచి ఆమడ దూరం నడక. ఇద్దరు మనుషులు ముఖాలు వేలాడేసుకొని మాట్లాడుకుంటూ పోతున్నారు. ఆయన పక్కన చేరి, ఏమిటి మాట్లాడుకుంటున్నారని అడిగాడు. ఈమధ్య ఊళ్లో జరిగిన సంగతులు తెలియవా అని వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే, ఏ సంగతులని మళ్లీ అడిగాడు. ఆ సంగతులు ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? మేకులు దిగింది ఆయన చేతుల్లోనే. అయినా వాళ్ల నోటితోనే చెప్పించుకున్నాడు. తాను చెప్పాల్సిన లేఖనాలను తర్వాత చెప్పాడు, ముందు వాళ్లు చెప్పింది విన్నాడు. తెలిసిన సంగతినే ఎదుటి మనిషి చెబుతుంటే అడ్డు రాకుండా వినడం ప్రేమ చేసే పని. చెప్పిన ముచ్చటే మళ్లీ చెప్పే తాతగారి దగ్గర ఓపిగ్గా కూర్చొనే మనవరాళ్లు ఈ పని రోజూ చేస్తున్నారు.

రూతు గ్రంథం రెండో అధ్యాయంలో బోయజు యవల చేనికి వచ్చాడు. కోతల కాలంలో పొలానికి వచ్చిన ఆసామి నోట మొదట ఏ మాట వస్తుందో పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎంతవరకు కోశారు, ఎందుకింత ఆలస్యం, ఎవరు రాలేదు? బోయజు మొదటి మాట పని గురించి కాదు. దేవుడు మీకు తోడుగా ఉండాలని కూలివాళ్లకు దీవెన పలికాడు, వాళ్లూ అతన్ని దీవించారు. ఆ తర్వాతే, పరిగె ఏరుకుంటున్న ఆ కొత్త అమ్మాయి ఎవరని అడిగాడు. పరిగె ఏరుకోనివ్వడం ధర్మశాస్త్రం చెప్పిన పని. బీదలకూ పరదేశులకూ పొలం అంచులు విడిచిపెట్టాలని లేవీయకాండంలో ఉంది. ఆ ధర్మం మాటామంతీ లేకుండా కూడా జరిగిపోతుంది. బోయజు అక్కడితో ఆగలేదు. దాహమైతే పనివాళ్లు తోడి పెట్టిన నీళ్లు తాగమన్నాడు. అన్నం వేళకు దగ్గరకు పిలిచి, రొట్టె ముక్కను చిరకలో ముంచుకొని తినమన్నాడు, పేలాలు తానే అందించాడు. ఆమె తృప్తిగా తిని కొంచెం మిగుల్చుకుంది, ఆ మిగిలింది ఇంటికి తీసుకెళ్లి అత్తకు పెట్టింది. మోయాబునుంచి వచ్చిన విధవరాలు, ఆ ఊళ్లో ఆమె యాసే వేరు. యవలు ఎన్ని దొరికినా తీరని లోటొకటి ఆమెకు ఉంది. నీ మాటలతో నాకు ధైర్యం వచ్చిందని ఆమె బోయజుతో అన్నది గింజలు చేతికి రాకముందే.

ఇక షూనేము స్త్రీ సంగతికి వద్దాం. ప్రవక్త ఎలీషా కోసం ఇంటిమీద గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం అమర్చిపెట్టిన ఇల్లాలు ఆమె. లేకలేక పుట్టిన కొడుకు కోత పొలంలో తల నొప్పంటూ పడిపోయాడు, మధ్యాహ్నం దాకా ఆమె ఒళ్లోనే ఉండి ప్రాణం విడిచాడు. ఆమె బిడ్డను ప్రవక్త మంచం మీద పడుకోబెట్టి, తలుపు వేసి, గాడిదకు గంత కట్టించి కర్మెలు కొండకు బయలుదేరింది. ఆమెను దూరంనుంచే చూసిన ఎలీషా, తన సేవకుడు గేహజీని ఎదురు పంపించాడు. నువ్వు బాగున్నావా, నీ భర్త బాగున్నాడా, బిడ్డ బాగున్నాడా అని అడగమన్నాడు. ఆమె చెప్పిన జవాబు, బాగున్నాం.

ఇంట్లో బిడ్డ శవం ఉంది. బాగున్నామంది.

ఆమె అబద్ధమాడిందని నేననను. గేహజీ అడిగిన ప్రశ్నకు అంతకంటే జవాబు రాదు. పంపితే వచ్చాడు, అప్పజెప్పిన ప్రశ్నలు అడిగాడు. ఆ తర్వాత అతను చేసింది చూస్తే విషయం తేటపడుతుంది. ఆమె వచ్చి ఎలీషా కాళ్లు పట్టుకోగానే గేహజీ ఆమెను తోసేయబోయాడు. క్షేమం అడిగిన నోరే, తోసేయబోయిన చేతులే, రెండూ ఒక్క మనిషివి. ఎలీషా ఆపాడు. ఆమె ప్రాణం చాలా వేదనలో ఉంది, వదిలెయ్యి అన్నాడు. ఆ వేదన ఏమిటో దేవుడు నాకు తెలియజేయలేదని కూడా చెప్పాడు. ప్రవక్తకు బయలుపాటు లేదు. ఆమెను చూశాడు, అంతమాత్రంతోనే వేదన ఉందని పోల్చుకున్నాడు.

మన సంఘాల్లో ఆరాధన ముగిశాక బయట చెప్పులు వెతుక్కునే ఆ కాసేపు నేను ఈ వాక్యభాగాన్ని తరచూ తలుచుకుంటాను. వందనాలండీ, వందనాలమ్మా, వందనాలు బ్రదర్. చేతులు జోడించే ఉంటాయి, కళ్లు మాత్రం అప్పటికే వెనకున్న మరొకరిని వెతుకుతుంటాయి. పిల్లలు పరిగెడుతుంటారు, బళ్లు తీస్తుంటారు. గోడ పక్క అరుగు మీద ఒక పెద్దావిడ జిప్పు సంచీలో బైబిలు పెట్టుకొని, సంచి ఒళ్లో పెట్టుకొని, ఆటో కోసం గేటు వైపు చూస్తూ కూర్చొని ఉంటుంది. దాటివెళ్లే ప్రతివాళ్లూ ఆమెకు వందనం చెబుతారు. బాగున్నారా అంటారు. బాగున్నానమ్మా అని ఆమె అనేలోపే నాలుగడుగులు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. ఆమెకు వందనాలకు కొదువ లేదు. పక్కన కూర్చొని, నిన్న రాత్రి నిద్ర పట్టిందా, అబ్బాయి ఫోన్ చేశాడా, ఒక్కదానివే వండుకుంటున్నావా అని అడిగేవాళ్లు లేరు. బాగున్నానన్న మొదటి జవాబు తర్వాత ఇంకాస్త నిలబడితేనే రెండో జవాబు వస్తుంది. అసలు సంగతి దానిలోనే ఉంటుంది.

ఈ లోటు గురించి తెలుగు నేలకు సేవచేయడానికి వచ్చిన ఒక మనిషి ప్రపంచం ఎదుటే మాట్లాడాడు. 1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య అప్పటికి 35 ఏళ్లవాడు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని ఇక్కడివాళ్ల మధ్య పరిచర్య మొదలుపెట్టాడు. రెండేళ్లకు, 1912లో, దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందింది ఆయనే. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు. ఆ సభలో ఆయన విదేశీ మిషనరీల త్యాగాన్ని తక్కువ చేయలేదు. ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, దానికి మా జనం ఎప్పటికీ కృతజ్ఞులమని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహం కావాలి అని అడిగాడు. సభలో కొందరికి ఆ మాట గట్టిగానే గుచ్చుకుంది. బడి కట్టినవాడు, ఆసుపత్రి కట్టినవాడు కూడా తనతో కలిసి పనిచేసే మనిషితో కూర్చొని మాట్లాడకుండా ఏళ్లు గడిపేయగలడు. మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయంలో పౌలు చెప్పింది సరిగ్గా ఇదే. ఇచ్చేది ఎంత పెద్దదైనా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదు. నూరేళ్లు దాటాక, ఇవాళ మన సంఘాల్లో ఆ మిషనరీలు లేరు. ఆ స్థానంలో మనమే ఉన్నాం. ఆ రోజు వాళ్లను అడిగిన దాన్ని ఇవాళ మన దగ్గర పనిచేసేవాళ్లు, మన సంఘంలో వెనక వరసలో కూర్చొనేవాళ్లు మనల్ని అడగొచ్చు.

పౌలు రోమావారికి రాసిన పత్రిక చివరి అధ్యాయం చదవకుండా పుస్తకం మూసేస్తాం. పేర్ల పట్టిక కదా అని. అతను అప్పటికి రోమా వెళ్లనే లేదు. అయినా 24 మందిని పేరు పెట్టి పలకరించాడు, రూఫు తల్లినీ నేరెయు సహోదరినీ మరిచిపోలేదు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు. చాలామంది గురించి ఎవరు ఏం చేశారో ఒక్కో మాట కూడా రాయించాడు. విశ్వాసాన్ని గూర్చి అంత లోతుగా రాసిన చెయ్యి అలసిపోయి ఉండాలి. ఆ చెయ్యి నిజానికి పౌలుది కాదు, తెర్తియు అనే లేఖకుడిది. పౌలు చెబుతుంటే పత్రిక అంతా రాసింది అతనే. 22వ వచనంలో తెర్తియు తన పేరుతో తాను వందనం చెప్పుకున్నాడు. అపొస్తలుడి పత్రికలో రాతగాడికి ఒక వాక్యం దొరికింది. పెద్దవాళ్లు పక్కకు జరిగి చిన్నవాళ్లకు మాట్లాడే చోటివ్వడం కూడా పలకరింపే.

తియ్యని మాటలన్నీ దయగలవి కావు. సేనానాయకుడైన యోవాబు కూడా అమాశా అనే మరో సేనానాయకుణ్ణి సోదరా అని పిలిచి క్షేమం అడిగాడు. ముద్దు పెట్టుకోబోయినట్టు కుడిచేత్తో గడ్డం పట్టుకున్నాడు, రెండో చేతిలో కత్తి ఉంది. వివరాలు లాగి నలుగురిలో చెప్పుకోవడానికి అడిగే కుశల ప్రశ్న కూడా ఆ కోవలోదే. సామెతలు 27:14 మరో జాగ్రత్త చెబుతుంది. పొద్దున్నే లేచి పెద్ద గొంతుతో స్నేహితుడికి దీవెన పలికితే అది శాపంలా ఉంటుందట. ఎప్పుడు మాట్లాడాలో, ఎంత మాట్లాడాలో తెలియాలి. దుఃఖంలో ఉన్నవాడి దగ్గర ఉల్లాసపు మాటలు వద్దు. పదిమంది ఉన్న చోట ఒకరి జబ్బు గురించి అడగొద్దు. ఫోనులో సంఘం గుంపు ఉంటే అక్కడా ఇదే మర్యాద. అందరికీ పంపిన వాక్యం అందరూ చూస్తారు. కొడుకు ఉద్యోగం పోయిన తల్లికి విడిగా రెండు మాటలు రాస్తే ఆమె ఒక్కతే చదువుకుంటుంది, అది చాలు. ఎవరైనా అక్కడ చిన్న ముచ్చట పెడితే, మొక్కకు పువ్వు పూసిందనో, మనవడు నడిచాడనో, ఆత్మీయం కాదని గద్దించకండి. సంతోషించేవారితో సంతోషించమన్నది కూడా వాక్యమే.

ప్రార్థన: తండ్రీ, మా ముఖాలను నువ్వు చూస్తున్నావు. ఏమైందని మమ్మల్ని అడిగి, మేము చెప్పేదాకా ఓపిక పట్టేవాడివి. మా కళ్లకు ఆ చూపు ఇవ్వు. మాకు ఏమీ ఇవ్వలేని మనుషుల దగ్గర ఆగే మనసివ్వు. మా నోట తియ్యదనం ఉన్నప్పుడు మా చేతిలో కత్తి లేకుండా కాపాడు. తొందరలో తోసేసిన వారి దగ్గరకు తిరిగి వెళ్లే ధైర్యం ఇవ్వు. యేసు నామమున వేడుకొంటున్నాము, ఆమేన్.

ఈ రోజు మీ దారిలో వచ్చేవాళ్లలో మీకు ఏ పనికీ అవసరం లేని ఒకరిని ఎంచుకోండి. అపార్టుమెంటు కాపలాదారు కావచ్చు, ఆఫీసులో టీ తెచ్చే అబ్బాయి కావచ్చు, ఆరాధనకు వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయే కోడలుపిల్ల కావచ్చు. పేరు తెలియకపోతే పేరు అడగండి. ముఖం చూసి ఎలా ఉన్నారని అడగండి. బాగున్నామని చెప్పాక వెంటనే కదలకండి, ఇంకాసేపు అక్కడే నిలబడండి.